కూలి దండగ

పాచిపెంటలో బండి పాడైతే దిగులుపడే పనే లేదు. ఆటో ఎక్కితే కాసేపట్లో సాలూరు. లారీలకు ఈ రాష్ట్రంలో విజయవాడ తరవాత చెప్పుకునే ఊరది. బాడీలు కట్టేవాళ్ళు, లేతు పట్టేవాళ్ళు, కమాన్లు సరిచేసేవాళ్ళు, రేడియేటర్లకు మాట్లు వేసేవాళ్ళు వీధులకు వీధులున్నారు. అక్కడ బడి ఎగ్గొట్టి తిరిగే కుర్రాడు కూడా రోడ్డు మీద పోతున్న లారీ చప్పుడు విని ఏ సిలిండరు పని చెయ్యడం లేదో చెప్పేస్తాడు. ఇంతమంది ఇంత దగ్గర్లో ఉండగా, సొంత పెరట్లో చింతచెట్టు కింద పాత దుప్పటి పరుచుకుని, తన కారు తనే విప్పుకునే మనిషిని మా వీధిలో మాస్టారూ అంటాం.

ఈ జాతి మనిషి లేని ఊరు ఉండదు. నీళ్ళ మోటారు విప్పుతాడు, మిక్సీ విప్పుతాడు, పొరుగింటివాళ్ళు ఊరెళితే వాళ్ళ కాలింగ్ బెల్లు కూడా విప్పుతాడు. చూసినవాళ్ళు పిసినారి అనుకుంటారు. అది పొరపాటు. పిసినారి డబ్బు తియ్యడు. ఈయన తీస్తాడు, వద్దన్నా తీస్తాడు. ఆయనకు గిట్టనిది కూలి ఒక్కటే. పానాలు కొంటే అది ఆస్తి. సాలూరుకి పదిసార్లు తిరిగితే అది ప్రయాణం. వచ్చి నిలబడి చూసినవాళ్ళందరికీ టీలు పోయిస్తే మర్యాద. సాయం పట్టిన కుర్రాడి చేతిలో వంద పెడితే ఆశీర్వచనం. మెకానిక్కుకిచ్చే కూలి మాత్రమే ఖర్చు. అది తప్పించాడా, ఇక ఎంత పోయినా ఆయన లెక్కలో మిగిలినట్టే.

మాస్టారు ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఆయన కారు మారుతి 800. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఆ బండి, మూడు సిలిండర్లు, 796 సీసీలతో, దేశంలో కొన్ని లక్షల కుటుంబాలకు మొదటి కారు. మాస్టారికి మొదటిదీ అదే, ఆఖరిదీ అదే. కార్బ్యురేటర్ కాలం నాటిది. 2022 ఏప్రిల్ 4న పాచిపెంట విజయనగరం జిల్లా వదిలి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయినా, నంబరు ప్లేటు మీద ఏపీ 35 చూసుకుంటూ ఆ బండి ఇప్పటికీ విజయనగరంలోనే ఉంది.

జబ్బు ఘాట్‌రోడ్డులో తగిలింది. మే నెల మధ్యాహ్నం, కారులో ఐదుగురు, డిక్కీలో పనసకాయలు, పి.కోనవలస మీదుగా సుంకి వైపు ఎక్కుడు. ఆ దారిలో లారీవాళ్ళు సైతం బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తి, బీడీ కాల్చుకుంటూ ఇంజిన్ చల్లారేదాకా కూచుంటారు. మాస్టారు ఆగలేదు. ముల్లు ఎర్రగీత దగ్గరకు వచ్చింది. ‘గేజి పాడైపోయింది’ అన్నారు. ఈ జాతి లక్షణాల్లో ఇది ముఖ్యమైనది. ఇంజిన్ తప్పు చెబితే ముందు గేజిని అనుమానిస్తారు. ఆవిరి వచ్చినప్పుడు మాత్రం గేజి నిర్దోషి అని తేలింది.

సిలిండర్ల దిమ్మకూ పైనున్న హెడ్డుకూ మధ్య ఒక పలచని రేకు ఉంటుంది, అదే హెడ్ గ్యాస్కెట్. నిప్పు, నీళ్ళు, ఆయిలు, ముగ్గురూ ఒకే ఇంట్లో కాపురమున్న దాయాదులైతే, వాళ్ళ మధ్య గోడ అది. దిమ్మ పోతఇనుము, హెడ్డు అల్యూమినియం. వేడెక్కితే అల్యూమినియం ఇనుము కన్నా రెట్టింపు దాకా సాగుతుంది. రోజువారీ వేడికి ఏం కాదు. నీళ్ళు చాలక ఇంజిన్ కాగిపోతే మాత్రం సాగినది సాగినట్టే ఉండి హెడ్డు వంకరపోతుంది, గోడకు చీలిక పడుతుంది. అప్పుడు నీళ్ళు ఆయిల్లోకి, మంట నీళ్ళలోకి రాకపోకలు సాగిస్తాయి. సైలెన్సరు నుంచి తెల్లపొగ, రేడియేటర్ మూత తీస్తే బుడగలు, ఆయిల్ కడ్డీ తీసి చూస్తే తెల్లని నురగ. మాస్టారి బండికి మూడూ ఉన్నాయి.

లారీ నడిపే బావమరిది సాలూరు నుంచి వచ్చి చూశాడు. “బావా, హెడ్డు ప్యాకింగు ఎల్లిపోనాది. బండి ఒగ్గీ, నాను తోలుకెల్లి రేపు సాయంత్రానికి బాగుసేయించి తెచ్చెత్తాను.”

“కూలెంత?”

“నాకు తెల్సినోడే. రెండువేలు తీసుకుంతాడు.”

రెండు వేలు అన్న మాట ఆ పెరట్లో పడగానే కారు భవిష్యత్తు తేలిపోయింది.

ముందు చిట్కా వైద్యం. రేడియేటర్లో పసుపు కలిపితే కారడం ఆగుతుందని లారీవాళ్ళు చెప్పే మాట నిజమే. గొట్టంలో సూదిబెజ్జమంత చిల్లుంటే పసుపు పొడి అక్కడికి పోయి అడ్డుపడుతుంది. హెడ్ గ్యాస్కెట్ చిల్లు అలాంటిది కాదు. అక్కడ పేలుళ్ళు జరుగుతుంటాయి. మాస్టారు మాడుగుల నుంచి తెప్పించుకున్న పసుపు అరడబ్బా పోశారు. బండి స్టార్ట్ చేస్తే వీధంతా పులిహోర వాసన. కారడం ఆగలేదు, ఆ పసుపు వెళ్ళి రేడియేటర్ సన్నగొట్టాల్లో పేరుకుంది. అది కడిగించడానికి సాలూరులో ఇచ్చిన డబ్బు ‘శుభ్రత’ పద్దు కింద రాసుకున్నారు.

తరవాత విప్పుడు. ఇక్కడ ఆయన్ను మెచ్చుకోవాలి. విప్పడంలో మాస్టారికి ఒక పద్ధతి ఉంది, ఇల్లంతా దానికి పనిముట్టే. నట్లు, బోల్టులు కలిసిపోకుండా ఇడ్లీ రేకుల్లో పెట్టారు, ఒక్కో గుంటకు ఒక్కో రకం. హెడ్ బోల్టులు ఏ బొక్కలోది ఆ బొక్కకే పోవాలని ఒక పెళ్ళి శుభలేఖ తీసుకుని, హెడ్డు ఆకారంలో చిల్లులు పొడిచి, వరసగా గుచ్చారు. వధువు పేరు మీద ఒకటి, సుముహూర్తం మీద ఒకటి, విందు మీద రెండు. టైమింగ్ బెల్టు తీసేముందు పళ్ళచక్రాల మీద గుర్తులు పెట్టడానికి కూతురి గోళ్ళరంగు వాడారు. ఇది పెద్ద మెకానిక్కులూ చేసే పనే. ఆ గుర్తు ఒక పన్ను తప్పితే బండి స్టార్టయినా ఎద్దు దగ్గినట్టు దగ్గుతుంది. బోల్టులు ఊడదీసేటప్పుడు చివరల నుంచి మధ్యకు, బిగించేటప్పుడు మధ్య నుంచి చివరలకు రావాలి. ఒక్కసారిగా కాదు, విడతలుగా. ఇదంతా ఒక రష్యా పెద్దాయన వీడియో చూసి నేర్చుకున్నారు. ఆ మనిషి ఏం మాట్లాడాడో మాస్టారికి ఒక్క ముక్క తెలియదు. “చెయ్యి చూస్తే చాలు, నోరెందుకు” అన్నారు.

ఆ వారమంతా ఆ ఇంట్లో ఉప్మా. ఇడ్లీ రేకులు ఎక్కడున్నాయని అడిగే అధికారం ఇల్లాలికి లేదు, ఎందుకంటే ఎక్కడున్నాయో ఆవిడకు కనబడుతూనే ఉన్నాయి.

హెడ్డు ఊడొచ్చాక వంకర చూడాలి. పుస్తకం ఒప్పుకునే వంకర మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, నోటుపుస్తకం కాగితం మందంలో సగం. అంత సన్నం కొలవాలంటే తిన్నని ఉక్కుబద్ద, ఫీలర్ గేజి ఉండాలి. మాస్టారు అవి కొన్నారు (ఆస్తి). వంకర ఎక్కువే ఉంది. లేతు షాపులో ఫేసింగు పట్టిస్తే తీరిపోతుంది. కానీ అందులో కూలి ఉంది. కాబట్టి ముందుగదిలోని టీపాయ్ అద్దం తెచ్చి, దాని మీద సన్న ఎమరీ కాగితం అతికించి, హెడ్డును బోర్లించి ఎనిమిదంకె వేస్తూ రుద్దడం మొదలుపెట్టారు. పద్ధతి తప్పు కాదు, అద్దం సమతలం. తప్పల్లా ఓపికతో. వీధిలోవాళ్ళు వంతులవారీగా వచ్చి, కాసేపు రుద్ది, టీ తాగి పోయేవారు. మూడో పూట టీపాయ్ అద్దం పగిలింది. హెడ్డు గోనెసంచిలో కట్టుకుని మాస్టారు సాలూరు బస్సెక్కారు. అక్కడ ఇచ్చిన డబ్బు కూలి కాదట. “ఫేసింగు చార్జి. మిషనుకిచ్చాను, మనిషికి కాదు.”

అసలు ఘట్టం బిగింపు. గ్యాస్కెట్ ఎంత మంచిదైనా బోల్టులన్నీ ఒకే బిగువులో లేకపోతే మళ్ళీ పోతుంది. అందుకు టార్క్ రెంచి కావాలి. బావమరిది నవ్వాడు. “మా ఓలు చేత్తోనే సెప్పెత్తారు బావా. కిర్రు మంతే సాలు.” మాస్టారికి ఆ కిర్రు నచ్చలేదు. చెయ్యి తెలిసినవాడికి కిర్రు సరిపోతుంది, ఫిజిక్సు తెలిసినవాడికి అంకె కావాలి. టార్క్ రెంచి ధర అడిగి వచ్చి, ఆస్తి అనుకున్నా కొనలేనంత ఉందని తేలి, ఒక రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే సంతకు పోయారు.

సంతలో చింతపండు కొనే షావుకారు దగ్గర కొక్కెం కాటా ఉంటుంది. కొండ మీద ఊళ్ళ నుంచి మూటలు మోసుకొచ్చే గిరిజనుల సరుకు దానికే వేలాడేసి తూస్తాడు. మాస్టారి లెక్క సులువు. బోల్టు నుంచి కొసకు సరిగ్గా అరమీటరు వచ్చేలా రెంచికి గొట్టం తొడిగి, ఆ కొసకు కాటా కొక్కెం తగిలించి, గొట్టానికి లంబంగా లాగాలి. ముల్లు పదకొండు కిలోలు చూపినప్పుడు బోల్టు మీద పడే బిగువు ఐదున్నర కిలోగ్రామ్ మీటర్లు. బడి పాఠం. నలభయ్యేళ్ళ సర్వీసులో ఈ పాఠం విన్న పిల్లల్లో ఒక్కడూ “ఇదెందుకు పనికొస్తుంది సార్” అని అడగనందుకు ఆయనకు అప్పుడు కొంచెం బాధ కలిగింది.

షావుకారు కాటా ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. మాస్టారు అందుకోబోతూ ఆగి, పదిమందిలో, పెద్ద గొంతుతో అడిగారు.

“ఇది కొనే కాటానా, అమ్మే కాటానా?”

సంతలో ఆ మూల ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. చింతపండు మూట దించుతున్న ముసలమ్మ మూట మళ్ళీ ఎత్తుకుంది.

“అదేటి మాస్టారూ అలగంతారు, ఒకటే కాటా” అన్నాడు షావుకారు.

“తప్పు పట్టడం లేదయ్యా. ఎంత తక్కువ చూపిస్తుందో చెబితే అంత కలుపుకుంటాను. లేకపోతే బోల్టు తెగిపోతుంది.”

ఆయన నిజంగానే బోల్టు కోసం అడిగారు. ఆ సంగతి షావుకారు నమ్మడు, ముసలమ్మా నమ్మదు. ఇంటికొచ్చాక ఐదేసి కిలోల సీలు బియ్యం సంచులు రెండు వేలాడేసి చూస్తే కాటా తొమ్మిది చూపించింది. ఆ లెక్కన పదకొండు కిలోల లాగుడుకు ముల్లు పది దగ్గర ఆపాలి. కూతురి గోళ్ళరంగుతో అక్కడ గుర్తు పెట్టారు. ఆ వారం నుంచి ఆ షావుకారు కాటాతోపాటు రాళ్ళత్రాసు కూడా తెచ్చుకుంటున్నాడు. అలా ఒక మారుతి గ్యాస్కెట్ పుణ్యమా అని కొన్ని కొండ ఊళ్ళకు న్యాయం జరిగింది. గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏ వాళ్ళు గమనించినట్టు లేదు.

బిగింపు నాడు వీధి మొత్తం పెరట్లోనే. మాస్టారు రెంచి పట్టుకుంటే, బావమరిది గొట్టం కొస నుంచి కాటా లాగితే, ఇల్లాలు ముల్లు చూసి చెప్పేది. కూరగాయలవాడి దగ్గర ముల్లు చదివిన అనుభవం ఆ ఇంట్లో ఆవిడకే ఉంది. “ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపండి. ఆపమన్నానా!” మూడు విడతలూ ఆవిడ మాట మీదే జరిగాయి. స్టార్ట్ చేస్తే మొదటి తిప్పుకే అందుకుంది. తెల్లపొగ కాసేపు వచ్చి పోయింది. బుడగల్లేవు. చూడవచ్చినవాళ్ళలో కొందరికి నిరాశ కలిగింది. మిగిలిపోయిన నట్టు ఒక్కటైనా ఉంటుందని వాళ్ళ ఆశ. ఇడ్లీ రేకులన్నీ ఖాళీ.

రాత్రి మాస్టారు లెక్క రాశారు. గ్యాస్కెట్ సెట్టు, ఆయిలు, కూలెంటు, సాకెట్ సెట్టు, ఫీలర్ గేజి, ఎమరీ కాగితాలు, టీపాయ్ అద్దం, రేడియేటర్ శుభ్రత, ఫేసింగు, టీలు. మొత్తం తొమ్మిది వేల చిల్లర. కింద గీత గీసి, కూలి: 0 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టారు. “రెండు వేలు మిగిలాయి” అన్నారు. ఇల్లాలు ఏమీ అనలేదు. ఇడ్లీ రేకులు మూడోసారి సబ్బు పెట్టి తోముతోంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. కానీ ఆ రష్యా పెద్దాయన వీడియో చివర ఐదు వందల అంకె చూపించాడట. కొత్త గ్యాస్కెట్ వేసిన పాత ఇంజిన్లకు ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్ళీ ఒకసారి చూసుకోవడం పాత అలవాటు. వేడికి గ్యాస్కెట్ అణిగి బిగువు తగ్గుతుందని. అదీ ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే, అంటే తెల్లవారుజామున. మాస్టారు రోజూ మీటరు చూసుకుంటూ తిరిగారు. ఐదు వందలు సరిగ్గా శ్రీకాకుళంలో, అత్తవారి కొత్త ఇంటి గృహప్రవేశం ముందురోజు రాత్రి నిండాయి.

తెల్లారకుండానే వాకిట్లో కారు బానెట్ లేచింది. గేటుకు అడ్డంగా బండి, బండికి ఇవతల అలంకరించిన ఆవు, ఆవు వెనక పురోహితుడు, ఆయన చేతిలో గడియారం. మాస్టారు గొట్టం తొడిగి, షావుకారు దగ్గర మళ్ళీ అడిగి తెచ్చుకున్న కాటా కొక్కెం తగిలించారు. ముల్లు చదవాల్సిన మనిషి పట్టుచీరలో, పసుపు నీళ్ళ చెంబుతో గడప దగ్గర నిలబడిపోయింది.

లోపలి నుంచి అత్తగారు వచ్చి, అల్లుణ్ణీ కాటానీ మార్చి మార్చి చూసి, కూతురి వైపు తిరిగింది.

“ఏటే, మీ ఆయనకి చింతపండు తూయడానికి ఇదేటే ముహూర్తం?”