మర్యాదలు పక్కన పెట్టండి: కొత్త తరం నైజీరియా భోజనానికి ఏడు సలహాలు

లండన్‌లో పశ్చిమ ఆఫ్రికా వంటకు దశ తిరిగింది. 2017లో మొదలైన ఇకోయి రెస్టారెంటుకు ఇప్పుడు రెండు మిషెలిన్ స్టార్లు. చిషురుకూ అకోకోకూ 2024లో చెరొకటి వచ్చింది. చిషురు వంటింటిని నడిపే అడెజోకె బకారె బ్రిటన్‌లో మిషెలిన్ స్టార్ అందుకున్న తొలి నల్లజాతి మహిళ. ఇలాంటి చోటికి వెళ్తున్నామంటే చాలు, తెలిసినవాళ్ళంతా మర్యాదలు నేర్పుతారు. ఆ మర్యాదలే రుచికి అడ్డం. నా సలహాలు తలకిందులుగా కనిపిస్తాయి. అయినా పాటించండి.

1. నేరుగా వెళ్ళకండి. ముందు దక్షిణ లండన్‌లోని పెకమ్ వెళ్ళి మామూలు నైజీరియా హోటల్లో జొలోఫ్ అన్నం, పుచ్చజాతి గింజలతో చేసే ఎగుసి పులుసు తినండి. జొలోఫ్‌కు టమాటా, ఎర్ర మిరప రుబ్బిన ముద్దను నూనెలో నీరు ఇగిరి నూనె పైకి తేలేదాకా వేయిస్తారు. అందులో బియ్యం పోసి మూతపెట్టి మగ్గిస్తారు. పెళ్ళిళ్ళకు కట్టెల పొయ్యి మీద వండితే గుండిగ అడుగంటుతుంది. అది పొరపాటు కాదు, ఆ పొగ వాసన కోసమే జనం ఎదురుచూస్తారు. ఇకోయిలో పీత కస్టర్డుతో ఇచ్చే పొగబెట్టిన జొలోఫ్ ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు మీ నాలుకే చెబుతుంది.

2. కడుపు మాడ్చుకుని వెళ్ళకండి. వరసగా వచ్చే చిన్న చిన్న పళ్ళేలను ఆకలిగా ఉన్నవాడు చూడడు, మింగుతాడు. మధ్యాహ్నం శుభ్రంగా తిని, రాత్రికి వెళ్ళండి.

3. పళ్ళెం అందాన్ని చెడగొట్టండి. ఒక్క ఫొటో తీసుకుని వెంటనే కలిపేయండి. పైన పువ్వులు, ఆకులు ఎంత ముద్దుగా అమర్చినా అసలు సరుకు అడుగున సాస్‌లోనే ఉండొచ్చు. ‘ఇరు’ అనే పులియబెట్టిన గింజల ఘాటు, ఎర్ర పామాయిల్ కమ్మదనం పైపైన గిల్లుకు తింటే అందవు.

4. చెయ్యి పెట్టండి. కర్రపెండలం రవ్వతో చేసే ఎబా గానీ, దంచిన పెండలం గానీ వస్తే ఫోర్కు పక్కన పెట్టేయండి. రాగి సంగటిలా చిన్న ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, పులుసులో ముంచి నోట్లో వేసుకోవాలి. అక్కడా కుడిచెయ్యే వాడాలి, ఎడమచెయ్యి పెడితే తప్పు. తెలుగువాళ్ళకు ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు. పక్క టేబుల్‌వాళ్ళు చూస్తే చూడనివ్వండి.

5. కారం తగ్గించమనకండి. "మాది గుంటూరు" అని గొప్పలకూ పోకండి. గుంటూరు సన్నం మిరప కారం కొలిచే స్కోవిల్ యూనిట్లలో 35,000 నుంచి 40,000 దగ్గర ఉంటే, వాళ్ళు వాడే స్కాచ్ బానెట్ మిరప 1,00,000 నుంచి 3,50,000 దాకా పోతుంది. ఆ మిరపకు పండు వాసన ఉంది. కారం తగ్గిస్తే వాసనా పోతుంది. మంట ఎక్కువైతే మంచినీళ్ళు పనిచేయవు, కాస్త అన్నం అడగండి. పక్కన జోబో తాగండి. అది మన ఎర్ర గోంగూర మొక్క పూలు రాలాక మిగిలే ఎర్రటి పుల్లని రేకులతో కాచే పానీయమే.

6. వంకలు పెట్టేవాళ్ళనే తోడు తీసుకెళ్ళండి. "మా అమ్మ ఇలా చెయ్యదు" అని ప్రతి పళ్ళేనికీ గొణిగే నైజీరియా స్నేహితులుంటే అదృష్టం. వాళ్ళమ్మ ఎలా చేస్తుందో అడగండి. ఏ మెనూ కార్డూ చెప్పని సంగతులు బయటికొస్తాయి. 36 రాష్ట్రాలు, 500కు పైగా భాషలు ఉన్న దేశంలో "అసలైన వంట" ఒక్కటే ఎలా ఉంటుంది? జొలోఫ్ పుట్టిందే సెనెగల్ వైపు. అది మాదంటే మాదని నైజీరియా, ఘనా ఇప్పటికీ వాదులాడుకుంటాయి. ఇకోయి అయితే తనను నైజీరియా రెస్టారెంటని చెప్పుకోదు కూడా. కాబట్టి వడ్డించేవాళ్ళను "ఇది అసలైనదేనా" అని అడక్కండి. "ఇది ఏ ఊరి వంట, ఎవరింట్లో తిన్నారు" అని అడగండి.

7. "ఆఫ్రికా తిండికి ఇంత ధరా" అనకండి. మొయిన్ మొయిన్ సంగతే చూడండి. అలసందలు నానబెట్టి, పిసికి పొట్టంతా తీసి, ఎర్ర మిరపతో కలిపి మెత్తగా రుబ్బి, ఆకుల్లో పొట్లం కట్టి ఆవిరికి ఉడికిస్తారు. అరచేతిలో పట్టే ఆ పొట్లం వెనక సగం రోజు చాకిరీ ఉంది. ఫ్రెంచి సాస్‌కు నోరెత్తకుండా డబ్బు కట్టేవాళ్ళు ఇక్కడికొచ్చేసరికి లెక్కలడగడం అన్యాయం. ధర ముందే కనుక్కోండి. తాహతు లేకపోతే పెకమ్‌లోనే తృప్తిగా తినండి, అదీ గొప్ప భోజనమే. కూర్చున్నాక మాత్రం సణగకుండా కట్టండి. నచ్చితే వంటవాళ్ళను పిలిపించి, ఏది నచ్చిందో పేరుపెట్టి చెప్పి రండి.