ఇద్దరు

సముద్రాన్ని మ్యాపులో చూపిస్తే తప్ప తెలియని ఊరు మాది, పెనుబల్లి. మాకు నీళ్లంటే లంకాసాగరే. అలాంటి ఊరి నుంచి మా పెదనాన్న నేవీలో చేరాడు. పెన్షన్ తీసుకుని తిరిగొచ్చాక ఊళ్లో పిల్లలందరికీ నేవీ తాత అయ్యాడు.

యుద్ధం సంగతి ఎంత అడిగినా నోరు విప్పేవాడు కాదు. ఒక రోజు టీ కొట్టు దగ్గర ఎవరో పట్టుబట్టారు. "డెబ్భై ఒకటి యుద్ధంలో నీ చేతిలో ఎంతమంది పోయారు?"

"ఇద్దరు" అన్నాడు. టీ సగం తాగి లేచి వెళ్లిపోయాడు.

ఆ ఒక్క మాట ఊరంతా పాకింది. మిగతా కథ మేమే అల్లుకున్నాం.

ఆయనలో ఒక్క సంగతి మాత్రం మాకు మింగుడు పడేది కాదు. వినాయక నిమజ్జనానికి మేమంతా గట్టు మీద ఊగిపోతుంటే ఆయన వెదురు కర్ర పట్టుకుని ముందు తనొక్కడే నీళ్లలోకి దిగేవాడు. కర్ర పొడవునా జానెడుకొకటి చొప్పున కత్తితో పెట్టిన గాట్లు. అడుగు తీసి అడుగు వెయ్యకముందే కర్ర గుచ్చి గాటు చూసుకునేవాడు. ఆయన చెయ్యెత్తి పిలిచేదాకా విగ్రహం కదలడానికి వీల్లేదు. ఒక ఏడు నేను ఆగలేక దూకేశాను. ఒడ్డుకి లాక్కొచ్చి, చెంప వాచేలా కొట్టాడు. ఇద్దర్ని చంపినవాడికి మోకాలి లోతు నీళ్లంటే ఇంత భయమేంటని చాలా రోజులు అనుకున్నాను.

కార్గిల్ యుద్ధం ముగిసిన ఏడాది, 1999. అప్పటికి నేను బడిలో టీచర్ని. ఆగస్టు 15న జెండా పండక్కి ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. "ఇద్దరు శత్రువుల్ని మట్టుబెట్టిన వీరుడు" అని మైకులో పరిచయం చేశాను. పిల్లల చప్పట్లు ఆగలేదు.

ఆయన మైకు అందుకోలేదు. సుద్దముక్క అడిగాడు.

వరండా బోర్డు మీద ఓడ బొమ్మ వేశాడు. "నేను ఎక్కిన మొదటి ఓడ ఇదిరా, మగర్. అంటే మొసలి. రెండో ప్రపంచ యుద్ధం కోసం బ్రిటన్ కట్టుకుంది, 1949లో మనకొచ్చింది. పొడవు 345 అడుగులు." ఇలాంటి ఓడలు ఆ యుద్ధంలో అమెరికా ఒక్కటే వెయ్యికి పైగా కట్టిందని చెప్పాడు. వాటిలో చాలా వాటిని సముద్రం ఎటుందో ఎరగని ఇండియానా, ఇల్లినాయిస్ పల్లెసీమల్లో నది ఒడ్డున కట్టి, నదుల మీదుగానే సముద్రానికి పంపారట. "మనలాంటి ఊళ్ల జనమే కట్టార్రా వాటిని" అన్నప్పుడు ఆయన ముఖం వెలిగింది.

అడుగు చదునుగా ఉంటుందన్నాడు. ఓడ నేరుగా వచ్చి ముక్కు ఇసుకలో దిగేస్తుంది. మొసలి నోరు తెరిచినట్టు ముందు తలుపులు తెరుచుకుంటాయి, ర్యాంపు దిగుతుంది, ట్యాంకులు నడిచి ఒడ్డెక్కుతాయి. మళ్లీ నీళ్లలోకి పోవడమెలా? వచ్చేటప్పుడే వెనక దూరంగా ఒక లంగరు వదిలి వస్తారు. దాని తాడు చుట్టుకుంటూ ఓడ తనని తానే వెనక్కి లాక్కుంటుంది. పిల్లలు కళ్లు ఆర్పకుండా విన్నారు.

తర్వాత ఇంకో బొమ్మ వేశాడు. ఓడ లేదు. ఒడ్డు, దాని ముందు నీటి కింద ఇసుక తిన్నె, ఆ రెంటి మధ్య పల్లం.

"1971 డిసెంబరు 14. కాక్స్ బజార్. అప్పుడు నేను ఘరియాల్ అనే ఇలాంటి ఓడ మీద ఉన్నా. పాకిస్తాన్ సైన్యం బర్మా వైపు తప్పించుకుపోకుండా గూర్ఖాల్ని దింపాలి. ఓడ వచ్చి ఇదిగో, ఈ తిన్నెకి ఆనింది. ఒడ్డు దగ్గరే కనిపిస్తోంది. ర్యాంపు దించిన వాళ్లలో నేనొకణ్ని." సుద్దముక్కతో పల్లాన్ని మళ్లీ మళ్లీ దిద్దాడు. "ఇక్కడ ఎంత లోతుందో మాలో ఎవరికీ తెలీదు. కొండల బిడ్డలు వాళ్లు. వీపున మోత, చేతిలో తుపాకీ. దిగమంటే దిగారు."

బోర్డు వైపే తిరిగి ఉన్నాడు.

"ఇద్దరు మునిగిపోయారు."

ముందు వరసలో చిన్నపిల్లాడొకడు లేచాడు. "మరి శత్రువులు, తాతా?"

"ఆ ఒడ్డున ఒక్కడు కూడా లేడు నాయనా."