ఆస్కార్ ఆరగింపు

1929లో తొలి ఆస్కార్ల పంపకం హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్లో 15 నిమిషాల్లో ముగిసింది. మిగతాదంతా విందే! ఇప్పుడు వేడుక మూడు గంటలు దాటుతోంది, మధ్యలో విందు మాత్రం లేదు. ఆ తిండి లోటును అమెరికా ఇళ్లలో ఏటా జరిగే ఆస్కార్ పార్టీలు తీరుస్తున్నాయి. పోటీలో ఉన్న ప్రతి సినిమా పేరిటా ఓ వంటకం. 2023లో ‘నాటు నాటు’ పుణ్యమా అని అక్కడి తెలుగిళ్లలో నాటుకోడి పులుసూ నామినేషన్ కొట్టేసే ఉంటుంది. సినిమా చూశారా అని మాత్రం అతిథుల్ని అడక్కండి. ‘‘చూళ్లేదండీ, రెండుసార్లు వడ్డించుకున్నాం!’’

అసలు వేడుక తర్వాతి గవర్నర్స్ బాల్ విందులోనూ షెఫ్ వోల్ఫ్‌గాంగ్ పక్ బృందం బంగారు పొడి అద్దిన చాక్లెట్ ఆస్కార్లు పంచుతుంది. ఓడినవాళ్లూ నమిలెయ్యొచ్చు. గెలిచినవాళ్లదే చిక్కు: వాళ్ల చేతిలోది బంగారు పూత వేసిన కంచు.