మాజీ ప్రత్యేకాధికారి గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

2025 డిసెంబరు ఎన్నికలతో మా ఊరికి సర్పంచి వచ్చింది, మీరు వెళ్లిపోయారు. వెళ్లినట్టు నమ్మాలంటే ముందు మీరు వచ్చినట్టు తెలిసుండాలి కదా, అదే చిక్కు. 2024 ఫిబ్రవరి 2న తెలంగాణలోని 12,700 పైచిలుకు పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లినప్పుడు, మా ఆఫీసు గోడ మీద సర్పంచి పేరు చెరిపి మీ పేరు రాశారు. మేము మిమ్మల్ని చూసింది ఆ పెయింటులోనే.

తప్పు మీది కాదు. సొంత శాఖ పనికి తోడు ఊళ్లకు ఊళ్లు మీ నెత్తిన పెట్టారు. పంద్రాగస్టు నాడు ఒకే పొద్దున ఎన్ని జెండాలని ఎగరేస్తారు?

పంచాయతీ గడువు ఐదేళ్లే, అది తీరేలోపే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం 243-ఇ అధికరణం చెబుతోంది. మాకు దాదాపు రెండేళ్లు ఆలస్యమైంది. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులు 2025 మార్చిలో శాసనసభ దాటి రాష్ట్రపతి ఆమోదానికి వెళ్లి, అక్కడే ఉండిపోయాయి. మధ్యలో హైకోర్టు ఎన్నికలకు గడువు పెట్టింది. సెప్టెంబరులో ఆ 42 శాతానికే జీవో, అక్టోబరులో దాని మీద స్టే. చివరికి మొత్తం రిజర్వేషన్లకున్న పాత 50 శాతం పరిమితిలోనే ఓట్లేశాం. కోటా పెంచాలన్నది న్యాయమైన కోరికే, నాకందులో అనుమానం లేదు. కానీ ఢిల్లీ, హైదరాబాదు తేల్చుకునేదాకా కుర్చీ ఖాళీగా ఉన్నది మా ఊళ్లో.

కుర్చీ ఖాళీ అయితే డబ్బూ ఆగుతుంది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే 15వ ఆర్థిక సంఘం గ్రాంటు వచ్చేది కాదు. ఎన్నికలు ఎగ్గొట్టే రాష్ట్రాలను దారికి తేవడానికి పెట్టిన షరతు అది. దెబ్బ మాత్రం మా చెత్త ట్రాక్టరుకు తగిలింది. డీజిల్‌కు కొన్నాళ్లు పంచాయతీ కార్యదర్శి జేబులోంచి పెట్టాడు, కొన్నాళ్లు కారోబార్ బంకులో ఖాతా పెట్టించాడు. బంకువాడు పాత బాకీ అడిగిన రోజున ట్రాక్టరు వేపచెట్టు కింద ఆగింది. ట్రాలీలో ఎవరిదో కోడి పొదిగి పిల్లల్ని కూడా లేపింది. ఆ రెండేళ్లలో పంచాయతీ ఆస్తి సద్వినియోగమైంది అదొక్కసారే.

ఇప్పుడు సర్పంచి ఉంది కదా అంటారేమో. 73వ సవరణ 11వ షెడ్యూలులో పంచాయతీల కోసం 29 అంశాలు రాసిపెట్టింది. వాటిని నిజంగా అప్పగించే పని రాష్ట్రాలకు వదిలింది. అందుకే బడి ఊళ్లోదే అయినా టీచరు విద్యాశాఖ మనిషి. చెరువులో తూము పాడైతే ఇరిగేషన్ వాళ్లను బతిమాలుకోవాలి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతాన్ని కేంద్రం నీళ్లకూ పారిశుద్ధ్యానికీ ముందే కట్టేసి పంపింది. ఇంత ఊరు ఓట్లేసి గెలిపించిన మనిషిని తొలగించే అధికారం 2018 పంచాయతీరాజ్ చట్టం కలెక్టరుకిచ్చింది. పాపం, ఆవిడ ఇంకా విజయోత్సవం దండలే తీయలేదు, అప్పుడే వీధిలైట్ల కోసం మండలాఫీసు మెట్లెక్కుతోంది. నిజం చెప్పాలంటే మీ హయాం మాకు కొత్తేమీ కాదు. ఎప్పుడూ ఉండేదే, గోడ మీద పేరు రాసుకుని కనిపించింది.

అసలు పని ఒకటుంది. ట్రాక్టరు రిపేరు బిల్లు మీ కాలంలోది. మెకానిక్ రోజూ సర్పంచి గడప తొక్కుతున్నాడు, ఆవిడేమో ‘నేను రాకముందుది, నేనెట్ల సంతకం పెడ్తా?’ అంటోంది. మీరిప్పుడు ఏ ఆఫీసులో కూర్చుంటున్నారో, ఏ పూట దొరుకుతారో చెబితే కారోబార్ చేత కాగితం పంపిస్తాం.

ఇట్లు,
ఇంటిపన్ను బాకీ లేని ఒక గ్రామస్థుడు