నేను పెడన దుప్పటిని

బందరు నుంచి గుడివాడ వెళ్లే రైలు దారిలో పెడన వస్తుంది. నన్ను అద్దింది ఆ ఊళ్లోనే. గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఎండబెట్టారు. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లతో నల్లగీతలు ఒత్తారు. ఎరుపు రావలసిన చోట పటికనీళ్లు ఒత్తారు. టేకు అచ్చు మీద పడిన ఆ పిడికిలి బరువు నాకింకా గుర్తుంది. పటిక ఒత్తిన చోట మొదట్లో చెప్పుకోదగ్గ రంగేమీ కనపడదు. కాలవలో జాడించి, రంగుచెక్క వేసిన కాగులో మరిగించాకే పువ్వు ఎర్రబడుతుంది.

దివిసీమ కుర్రాడొకడు గుడివాడ అమ్మాయిని పెళ్లాడి, ఉద్యోగానికి నెదర్లాండ్స్ బయలుదేరినప్పుడు, అమ్మాయి తల్లి నన్ను కొని పెట్టెలో అడుగున సర్దింది. పైన కారప్పొడి, కందిపొడి పొట్లాలు. ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్వేన్‌లో కాపురం పెట్టారు. నన్ను మాత్రం రంగు పోతుందేమోనన్న భయంతో కవరులో పెట్టి బీరువాలో దాచారు.

ఏళ్ల తరబడి ఆ దేశం నాకు తలుపు సందులోంచి వినపడిందే. అక్కడ ఎవరింటికైనా వెళ్లాలంటే ముందుగా చెప్పి, రోజు ఖాయం చేసుకోవాలి. సాయంత్రం ఆరింటికే భోజనాలు. పుట్టినరోజుకు వచ్చినవాళ్లు గుండ్రంగా కుర్చీలేసుకు కూర్చుని పిల్లకే కాదు, తల్లికీ తండ్రికీ కూడా శుభాకాంక్షలు చెబుతారు. నాకది ఎంతో నచ్చింది. బిడ్డ పుట్టిన రోజు ఆ ఇంటిల్లిపాదికీ పండగే కదా! వీళ్ల కూతురు, చిన్నది, పొద్దున రొట్టె మీద చాక్లెట్ పలుకులు జల్లుకుని తినేది, రాత్రి ముద్దపప్పులో ఆవకాయ కలిపి పెట్టమనేది. బెండకాయలు సూరినామ్ హిందుస్తానీల కొట్టులో దొరికేవి. 1873 మొదలు కలకత్తా రేవులో ఓడలెక్కి సూరినామ్ తోటలకు కూలికి వెళ్లినవాళ్ల సంతతి వాళ్లు.

ఒకరోజు కింది వాటాలో ఉండే పెద్దావిడ తలుపు కొట్టింది. "మీ తాలింపు ఘాటు మా పడగ్గదిలోకి వస్తోంది, వండేటప్పుడు ఆ కిటికీ మూసుకోండి" అని మొహం మీదే చెప్పేసింది. అమ్మాయికి రెండు రోజులు ముద్ద దిగలేదు. మనవైపైతే ఆ మాట పనిమనిషి నోటనో, ఇంకెవరినో అంటున్నట్టుగానో వచ్చేది. ఆ వారమే ఆవిడ చిన్నదాన్ని వీధిలోకి తీసుకెళ్లి సైకిలు నేర్పడం మొదలుపెట్టింది. ఆవిడకు కోపం అప్పుడూ లేదు, తర్వాతా లేదు.

2017 వేసవిలో దివిసీమ నుంచి నాయనమ్మ వచ్చింది. తొంభై రోజుల వీసా. బీరువా తీసి నన్ను చూసి, "ఇదేంటమ్మాయ్, పెడన దుప్పటి పరుచుకోకుండా దాచుకుంటారా?" అంది.

"రంగు పోతుందేమోనని అత్తయ్యా."

"ఉతికేకొద్దీ కదా దీనికి అందం!"

ఆ పూటే చన్నీళ్లలో జాడించి బాల్కనీలో ఆరేసింది. కింది పెద్దావిడ నన్ను చూసి గబగబా పైకొచ్చింది. "ఇది సిట్స్ కదూ! మా అమ్మమ్మ పెట్టెలో ఇలాంటి పువ్వుల గుడ్డ ఉండేది" అంది.

ఈ దేశానికి మావాళ్లలో నేనే మొదటిదాన్నని అనుకునేదాన్ని. డచ్చివాళ్లు 1605లోనే బందరులో వర్తకశాల పెట్టారట. చిరివేరుతో ఎరుపెక్కించిన మా తీరపు గుడ్డలు వాళ్ల ఓడల్లో ఇక్కడికి చేరాయి. వాటినే ఇక్కడివాళ్లు సిట్స్ అంటారు. తమ నేతగాళ్ల బతుకు పోతోందని 1686లో ఫ్రాన్సు, 1700 తర్వాత ఇంగ్లండు మమ్మల్ని రానివ్వలేదు. డచ్చివాళ్లు మాత్రం నిషేధించలేదు. నాయనమ్మ వచ్చిన ఏడాదే లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలో ఆ గుడ్డల ప్రదర్శన జరుగుతోందని పెద్దావిడే అందర్నీ రైలెక్కించింది. నాయనమ్మ చలికి నన్ను కప్పుకుంది.

మా పెద్దలు మసక వెలుతురులో అద్దాల వెనక ఉన్నారు. వాళ్లను కలంతో గీశారు, నన్ను అచ్చుతో అద్దారు. పనితనంలో వాళ్లే గొప్ప. కానీ పటిక పట్టిన ఎరుపు వాళ్లకూ నాకూ ఒకటే. హిండెలోపెన్ అనే పాత ఓడల ఊరి ఆడవాళ్లు మా గుడ్డతో పొడుగు కోట్లు కుట్టించుకునేవారు. ఇంట్లో ఎవరైనా పోతే నీలం పువ్వులది వేసుకునేవారని కొడుకు వివరించాడు. నాయనమ్మ ఆ నీలం కోటు దగ్గర చాలాసేపు నిలబడిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు చిన్నది బళ్లో నేర్చుకున్న పాఠం చెప్పింది. "నాయనమ్మా, మన ఇల్లు సముద్రం కంటే కింద ఉంది, తెలుసా?" ఆ రాత్రి నుంచి నాయనమ్మకు నిద్ర లేదు. నన్ను మెడదాకా లాక్కుని గాలి చప్పుడు వింటూ పడుకునేది. టీకి వచ్చిన పెద్దావిడ ఆ కళ్లు చూసి ఏమైందని అడిగింది. "మా అమ్మ 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో బతికి బయటపడింది" అన్నాడు కొడుకు.

పెద్దావిడ ఆ దేశంలోనే జీలాండ్‌లో పుట్టిందట. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగింది, తెల్లారేలోగా కట్టలు తెగాయి. ఆవిడ ఇంటి కప్పు మీద తండ్రిని పట్టుకుని కూర్చుంది. దేశంలో 1836 మంది పోయారు, వాళ్లలో ఆవిడ తమ్ముడొకడు. మన ఉప్పెనా శనివారమే, వాళ్లదీ శనివారం రాత్రే. అంతా చెప్పి, సూటిగా అడిగింది: "మీ ఇంట్లో ఎవరు పోయారు? పేరేంటి?"

చిన్నది ఆ ప్రశ్నను తెలుగులో చెప్పగానే కోడలు ఉలిక్కిపడింది. నాయనమ్మ నా అంచును వేళ్లతో నలుపుతూ చెప్పింది. తుమ్మకొమ్మ పట్టుకుని వేలాడుతుంటే చంకలోంచి జారిపోయిన మూడేళ్ల కూతురు. పేరు కూడా చెప్పింది. ఉప్పెన తర్వాత పుట్టిన కొడుకుకు అక్క పోయిందని తెలుసు, పేరు తెలిసింది ఆ రోజే.

ఆవిడ పటం తెచ్చి తమ సముద్రపు గట్లు చూపించింది. ఆ రాత్రి తర్వాత మొదలైన ఆ పని 1997 దాకా సాగిందట. "మాకూ కరకట్ట ఉంది, తుఫాను షెల్టర్లు కట్టారు. పిల్ల పేరే మళ్లీ ఎవరూ అడగలేదమ్మా" అంది నాయనమ్మ.

పోయినవాళ్ల మాట ఎత్తి మనసు కష్టపెట్టకూడదన్నది మనవైపు మర్యాద. అది మంచి మనసుతో పుట్టిన మర్యాదే. కానీ దానివల్ల ఈ తల్లి నలభై ఏళ్లు ఆ పేరును ఒక్కతే మోసింది. ఆ విషయంలో పెద్దావిడ పద్ధతే మేలని నేనంటాను.

గడువు తీరి నాయనమ్మ వెళ్లిపోయింది. నేనిప్పుడు చిన్నదాని మంచం మీద ఉంటున్నాను. తరచూ ఉతుకుతున్నారు, ఎరుపు నిలిచే ఉంది. నాగాయలంక వైపు, కోడూరు వైపు ఆ ఉప్పెన చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. దూరాన ఉన్న బిడ్డల్లారా, ఫోను చేసినప్పుడు భోంచేశారా అని అడిగి పెట్టెయ్యకండి. పోయినవాళ్ల పేర్లు అడిగి రాసుకోండి.