చర్చ రాత్రి పోల్ వీరుడు

అమెరికాలో అధ్యక్ష ఎన్నికల ఏడాది వచ్చి, ప్రధాన అభ్యర్థులిద్దరూ టీవీ కెమెరాల ముందు గంటన్నర సేపు వాదించుకునే రాత్రుల్లో మాత్రమే పూర్తి రూపంతో బయటపడి, మిగిలిన కాలమంతా మామూలు గృహస్థుల్లో కలిసిపోయే ఒక తరహా మనిషి ఉన్నాడు. అతడిని పోల్ వీరుడు అనడం సబబు. అతడు పార్టీ కార్యకర్త కాడు, గడప గడపకూ తిరిగి ఓట్లు అడిగేవాడు కాడు, విరాళం ఇమ్మంటే వచ్చే నెల చూద్దామనేవాడు. చర్చ ముగిసీ ముగియకముందే వార్తాసంస్థలు తమ వెబ్‌సైట్లలో పెట్టే "ఎవరు గెలిచారు?" అనే ప్రశ్న కింద, దారిన పోయేవారెవరైనా నొక్కగల రెండు మీటల్లో తన అభ్యర్థి మీటను వేలు నొప్పి పుట్టేదాకా నొక్కడం అతడి మొదటి లక్షణం. అలా తాను నొక్కగా వచ్చిన శాతాన్ని మర్నాడు పొద్దున ప్రజాతీర్పుగా భావించి ఉప్పొంగిపోవడం రెండవది. ఈ రెండవ లక్షణం లేనివాడు వట్టి కొంటెవాడు మాత్రమే. అతడికి ఈ వ్యక్తిచిత్రంలో చోటు లేదు.

ఈ వీరుడి వంశం ఇంటర్నెట్ కంటే పాతది. 1936లో లిటరరీ డైజెస్ట్ అనే వారపత్రిక టెలిఫోను డైరెక్టరీల నుంచి, కారు యజమానుల జాబితాల నుంచి చిరునామాలు సేకరించి కోటి నమూనా ఓటు కార్డులు పంపింది. తిరిగివచ్చిన ఇరవై మూడు లక్షల పైచిలుకు కార్డులను లెక్కపెట్టి రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని చాటింది. తీరా ఎన్నికల్లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలకు 46 గెలిచాడు, రెండేళ్ళు తిరగకుండానే పత్రిక మూతపడింది, అంతకంటే ఎంతో చిన్న నమూనాతో ఫలితం సరిగ్గా చెప్పిన జార్జ్ గాలప్‌కు పేరు వచ్చింది. డైజెస్ట్ జాబితాలు ఉన్నవాళ్ళ జాబితాలు కావడం ఒక లోపమైతే, కార్డు అందుకున్న కోటి మందిలో పనిగట్టుకుని నింపి పంపినవారినే దేశం మొత్తానికి ప్రతినిధులుగా తీసుకోవడం రెండవ లోపం. సర్వే శాస్త్రంలో దీనిని స్వయంఎంపిక అంటారు, అంటే అడిగేవాడు మనిషిని ఎంచుకోకుండా, కడుపులో మంట ఉన్న మనిషి తనను తానే ఎంచుకోవడం.

టీవీ చర్చకూ ఈ స్వయంఎంపికకూ బాహాటంగా పెళ్ళి జరిగింది 1980లో. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1960 సెప్టెంబరు 26న షికాగో స్టూడియోలో కెనడీ, నిక్సన్‌ల మధ్య తొలి టీవీ చర్చ జరిగినప్పుడు, చూసిన దాదాపు ఏడు కోట్ల మందికి తమ తీర్పు చెప్పుకోవడానికి పక్కింటివాడు తప్ప దిక్కు లేదు. 1980 అక్టోబరు 28న క్లీవ్‌లాండ్‌లో కార్టర్, రేగన్‌ల చర్చ ముగియగానే ఏబీసీ సంస్థ రెండు ఫోన్ నంబర్లు ప్రకటించి, ఒక్కో కాల్‌కు యాభై సెంట్లు బిల్లులో పడతాయని చెప్పి, కార్టర్ గెలిచాడనుకుంటే ఒకదానికి, రేగన్ గెలిచాడనుకుంటే రెండోదానికి ఫోన్ చేయమంది. దాదాపు ఏడు లక్షల కాల్స్ వచ్చాయి. రేగన్‌కు కార్టర్ కంటే రెట్టింపు పడ్డాయి. ఒకే మనిషి ఎన్నిసార్లయినా చేయవచ్చునని, చేతిలో డబ్బు ఆడేవారి గొంతు ఎక్కువ వినిపించిందని నిపుణులు గోల పెట్టారు. అయినా ఆనాటి వీరుడి పట్ల కొంత గౌరవం చూపక తప్పదు, ఎందుకంటే అతడు తన మూఢత్వానికి సొంత డబ్బు చెల్లించాడు. అతడి వారసుడికి అంతా ఉచితం.

ఈ వారసుడి చర్చ రాత్రి ఎలా గడుస్తుందన్నది కాస్త దగ్గర నుంచి చూడదగినది. తూర్పు రాష్ట్రాల సమయం ప్రకారం రాత్రి తొమ్మిదికి చర్చ మొదలవుతుందనగా, ఎనిమిదిన్నరకే అతడు సోఫాలో తన చోటు సర్దుకుంటాడు. ఒడిలో లాప్‌టాప్, కుడి పక్కన టాబ్లెట్, ఎడమ చేతిలో సొంత ఫోన్, టీపాయ్ మీద ఆఫీసు ఫోన్, అది కూడా చాలదనిపించినప్పుడు భార్య ఫోన్. మొదటి ప్రశ్నకు మొదటి అభ్యర్థి జవాబు పూర్తి కాకముందే ఏదో ఒక సైటు పోల్ తెరుస్తుంది, వీరుడు విజేతను ప్రకటించేస్తాడు. ఆ తరువాత చర్చ అతడికి వెనకాల వినబడే సంగీతం వంటిది మాత్రమే. ఒకసారి ఓటు పడ్డ యంత్రం నుంచి రెండోసారి పడకుండా సైట్లు కుకీ అనే చిన్న గుర్తును బ్రౌజరులో వదులుతాయి. ఆ గుర్తును చెరిపేయడం, లేదా గుర్తులు నిలవని రహస్య విండో తెరవడం అతడికి వెన్నతో పెట్టిన విద్య. సొంత ఉద్యోగంలో పాస్‌వర్డ్ మార్చుకోవడానికి హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసే మనిషే, ఈ ఒక్క రాత్రి నెట్‌వర్క్ ఇంజినీరు అవుతాడు. నాలుగు లక్షల ఓట్లు పడిన పోల్‌లో అతడు చెమటోడ్చి వేసిన నలభై ఓట్లు పదివేలింట ఒక వంతు కనుక, తెర మీద 61 శాతం 61 దగ్గరే ఉంటుంది. అయినా పేజీని మళ్ళీ తెరిచినప్పుడు అది 62 అయి ఉంటే, ఆ పెరుగుదలకు కారకుడెవరో అతడికి తెలుసు. పదిన్నరకు భార్య వచ్చి "ఇంతకీ ఏం మాట్లాడారండీ వాళ్ళు?" అని అడిగితే, "మనవాడు ఉతికి ఆరేశాడు" అన్నదానికి మించి అతడి దగ్గర సమాచారం ఉండదు.

ఈ వీరుడికి ఆగర్భశత్రువు మరొక రకమైన పోల్. చర్చ ముగిసిన గంటలోపే కొన్ని వార్తాసంస్థలు ప్రకటించే తక్షణ సర్వేలో, చర్చ చూడబోతున్నామని ముందే చెప్పిన నమోదిత ఓటర్లను సర్వే సంస్థే ఎంపిక చేసుకుని ఉంచుతుంది, చర్చ కాగానే వారినే అడుగుతుంది, వచ్చిన అంకెతోపాటు అది ఎన్ని శాతాల మేరకు అటూ ఇటూ కావచ్చునో, అంటే దోషపరిమితి ఎంతో, కూడా చెబుతుంది. ఇది చర్చ చూసినవారి అభిప్రాయమే తప్ప ఓటర్లందరిదీ కాదని హెచ్చరిక కూడా జోడిస్తుంది. 2024 సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియాలో కమలా హ్యారిస్, డొనాల్డ్ ట్రంప్‌ల చర్చ తరువాత సీఎన్ఎన్ ఇలా 605 మందిని అడగగా 63 శాతం హ్యారిస్‌ది, 37 శాతం ట్రంప్‌ది పైచేయి అన్నారు. అదే ఏడాది జూన్ 27న అట్లాంటాలో బైడెన్ తడబడిన చర్చ తరువాత ఇదే పద్ధతిలో 67 శాతం ట్రంప్ గెలిచాడన్నారు. జూన్‌లో ట్రంప్ పక్షపు వీరుడు ఈ సర్వేను నెత్తిన పెట్టుకున్నాడు, సెప్టెంబరులో అతడే "పదిహేను కోట్ల మంది ఓటేసే దేశంలో 605 మందా!" అని నవ్వాడు, డెమోక్రాట్ పక్షపు వీరుడు ఈ రెండు పనులనూ తలకిందుల వరసలో చేశాడు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలునన్నది వంట తెలిసిన ప్రతి ఇంట్లోనూ ఒప్పుకునే మాటే, అయితే ఆ మెతుకును కుండలోంచి వండేవారు తీసి చూడాలి గాని, తనంతట తాను ఎగిరి బయటపడిన మెతుకును చూసి లాభం లేదు.

ఎగిరిపడటానికి కొన్నిసార్లు పైనుంచి ప్రోత్సాహం కూడా ఉంటుంది. 2004లో బుష్, కెర్రీల తొలి చర్చకు ముందు డెమోక్రటిక్ పార్టీ జాతీయ కమిటీయే తన మద్దతుదారులకు ఈ-మెయిల్ పంపి, చర్చ కాగానే ఆన్‌లైన్ పోల్స్‌లో ఓటు వేయమని, పత్రికలకు ఉత్తరాలు రాయమని కోరింది. 2007లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీపడ్డ రాన్ పాల్ అభిమానులు ఒక చర్చ తరువాత సీఎన్‌బీసీ పోల్‌లో తమ నాయకుడికి 75 శాతం తెచ్చిపెట్టగా, ఆ సంస్థ పోల్‌నే ఎత్తేసింది. అభ్యర్థిత్వం మాత్రం జాన్ మెకెయిన్‌కు దక్కింది. 2016 సెప్టెంబరు 26న హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయంలో హిల్లరీ క్లింటన్, ట్రంప్‌ల చర్చను టీవీలో 8 కోట్ల 40 లక్షల మంది చూశారు. సీఎన్ఎన్ తక్షణ సర్వేలో 62 శాతం క్లింటన్ గెలిచిందన్నారు, ఆన్‌లైన్ పోల్స్‌ను చూపి ట్రంప్ తానే గెలిచానన్నాడు. ఆ పోల్స్ మీద మూకుమ్మడిగా పడమని కొన్ని ఇంటర్నెట్ బృందాల్లో పిలుపులు వెళ్ళినట్టు వార్తలు వచ్చాయి, ఇటువంటివి తమ సంపాదక ప్రమాణాలకు నిలవవని ఫాక్స్ న్యూస్ ఉన్నతాధికారి ఒకరు సొంత సిబ్బందికే గుర్తుచేయవలసి వచ్చింది. ఆ నవంబరులో ఎన్నిక గెలిచింది ట్రంపే కావడం వీరుడి చేతికి దొరికిన బ్రహ్మాస్త్రం. దానికి ముందు అతడి లెక్క తప్పిన సందర్భాలన్నీ ఆ ఒక్క రాత్రితో మాఫీ అయిపోయాయి.

న్యాయంగా చెప్పాలంటే వీరుడి ప్రయత్నం మొత్తంగా మతిలేనిది కాదు. చర్చలో ఎవరు గెలిచారన్నది వేదిక మీదే తేలే విషయం కాదని అతడికి లీలగా తెలుసు, చరిత్ర కూడా ఆ మాటే చెబుతుంది. 1976 అక్టోబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో కార్టర్‌తో జరిగిన చర్చలో జెరాల్డ్ ఫోర్డ్, తూర్పు ఐరోపా మీద సోవియట్ పెత్తనమేమీ లేదని అన్నప్పుడు, చూస్తున్న జనంలో చాలామందికి అందులో వింతేమీ కనిపించలేదు. ఆ రాత్రి అడిగినవారిలో ఫోర్డ్ గెలిచాడన్నవారే కొంచెం ఎక్కువ. మర్నాడంతా వార్తల్లో ఆ ఒక్క వాక్యమే తిరగగా, సాయంత్రానికి కార్టర్‌దే ఘనవిజయమని జనం తేల్చారు. వారు చూసిన చర్చ మారలేదు, వారు విన్న ముచ్చట మారింది. చర్చ వేదిక పక్కనే స్పిన్ రూమ్ అనే గది ఒకటి ఏర్పాటు చేసి, రెండు పక్షాల పెద్దలూ విలేఖరులను చుట్టుముట్టి తమ అభ్యర్థే గెలిచాడని ఏకరువు పెట్టడం ఈ ఎరుక మీద నడిచే వ్యాపారమే. ఆ పెద్దలు మైకు ముందు నిలబడి చేసే పనినే వీరుడు సోఫాలో కూర్చుని చేస్తున్నాడు. ఇద్దరికీ ఉన్న తేడా ఏమిటంటే, స్పిన్ రూమ్‌లోని పెద్దమనిషి తాను చెప్పింది తానే నమ్మి ఇంటికి వెళ్ళడు.

ఈ జాతిలో తెలుగు శాఖ ఒకటి ఉంది, దాని విశేషాలు వేరు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో హెచ్-1బీ వీసా మీద పనిచేస్తూ, గ్రీన్ కార్డు వరసలో ఏళ్ళ తరబడి నిలబడ్డ తెలుగువాడికి అమెరికా ఎన్నికల్లో ఓటు హక్కు లేదు. ఎన్నికల అధికారి పౌరసత్వం అడుగుతాడు; ఆన్‌లైన్ పోల్ వీసా కూడా అడగదు. కాబట్టి ఓటున్న స్థానికుడు నలభై నొక్కితే ఓటు లేని తెలుగువాడు ఎనభై నొక్కుతాడు. హ్యారిస్ తల్లి చెన్నైకి చెందినదన్న అభిమానంతో అతడి భార్య అదే వైఫై మీద రెండో మీట నొక్కుతుంటే, ఆ ఇంటి నుంచి అమెరికా ప్రజాభిప్రాయానికి అందే నికర సహాయం సున్నా. చర్చ తూర్పు తీరంలో రాత్రి తొమ్మిదికంటే ఇండియాలో మర్నాడు పొద్దున ఆరున్నర కావడం వల్ల, చర్చ ముగిసే వేళకు తణుకులో కాఫీ తాగి టీవీ ముందు కూర్చున్న తండ్రి నుంచి ఫోన్ వస్తుంది.

"ఏరా, ఎవరు గెలిచారంట?"

"మనవాడే నాన్నా. తొంభై ఒక్క శాతం."

"ఇక్కడ టీవీలో ఆవిడ గెలిచిందంటున్నారేమిట్రా?"

"వాళ్ళ మాటలు పట్టించుకోకు నాన్నా. జనం ఓట్లేశారు. నేనూ వేశాను."

"ఓటేశావా? అంటే సిటిజన్‌షిప్ వచ్చేసిందా! ఏమేవ్, ఇలా రా, అబ్బాయికి సిటిజన్‌షిప్ వచ్చిందట!"

తరువాతి పది నిమిషాలూ తల్లి ఆనందాన్ని అదుపులోకి తేవడానికే సరిపోతాయి, కుకీ అంటే ఏమిటో తండ్రికి చెప్పే అవకాశం ఆ రోజుకు రాదు.

నిజమైన ఓటున్నవాడు కూడా ఇంత ఆరాటపడటానికి కారణం అమెరికా ఎన్నిక నడిచే తీరులో ఉంది. అక్కడ అధ్యక్షుడిని దేశవ్యాప్త ఓట్ల మొత్తం కాక, రాష్ట్రాల వారీగా పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లు ఎన్నుకుంటాయి. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడికే ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ పోతాయి. అందువల్ల కాలిఫోర్నియాలోని రిపబ్లికన్ వీరుడికి గాని, టెన్నెసీలోని డెమోక్రాట్ వీరుడికి గాని తన ఓటు ఎక్కడ తేలుతుందో ఏళ్ళ ముందే తెలుసు. 2024లో అభ్యర్థులిద్దరూ పెన్సిల్వేనియా, జార్జియా, మిషిగన్ వంటి ఏడు రాష్ట్రాల చుట్టూనే ప్రదక్షిణలు చేశారు, మిగిలిన చోట్లకు ఎక్కువగా విరాళాల కోసమే వెళ్ళారు. ఆన్‌లైన్ పోల్‌లో ఎలక్టోరల్ కాలేజీ లేదు, ఓటేసిన వెంటనే అంకె కదిలినట్టు కనబడుతుంది, సరిపోలేదనిపిస్తే మళ్ళీ వేయవచ్చు. రాజ్యాంగం ఇవ్వని ఈ మూడు సౌకర్యాలనూ ఒక వార్తాసంస్థ ప్రకటనల ఆదాయం కోసం ఇస్తుంటే వదులుకోవడానికి వీరుడు అంత అమాయకుడు కాడు.

అతడికి నిజంగా గడ్డుగా గడిచింది 2024 అక్టోబరు 1 రాత్రి. న్యూయార్క్‌లో ఉపాధ్యక్ష అభ్యర్థులు జె.డి. వాన్స్, టిమ్ వాల్జ్ పెళ్ళివారంత మర్యాదగా మాట్లాడుకుని, ఒకరి మాటతో ఒకరు పలుమార్లు ఏకీభవించారు. సీఎన్ఎన్ తక్షణ సర్వే వాన్స్‌కు 51, వాల్జ్‌కు 49 ఇచ్చింది. గెలుపని చాటుకోవడానికి ఆ 51 చాలదు, కుట్ర అని అరవడానికి ఆ 49 చాలదు. తెలుగు శాఖకు మాత్రం ఆ రాత్రి సందేహమే లేదు: వాన్స్ భార్య ఉష పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. సెప్టెంబరులో హ్యారిస్ మీట నొక్కినవారిలోనూ కొందరు ఆ రాత్రి పార్టీని పక్కన పెట్టి వాన్స్ మీట నొక్కే ఉంటారు. అల్లుడికి మర్యాద తక్కువైందన్న మాట వస్తే రేపు ఊళ్ళో వాళ్ళకు ఏమని జవాబు చెప్పుకోవాలి?