ఒక అడుగు పట్టా ఇప్పించండి

దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజరు గారికి,
రైల్ నిలయం, సికింద్రాబాద్.

అయ్యా,

సెలవు రోజున సింగూరు నీళ్లలో పుట్టి వేసుకుని చేపలు పట్టుకుంటూ, మిగతా రోజుల్లో పాశమైలారం షిఫ్టు బస్సెక్కే మనిషిని. నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. సంగారెడ్డి నుంచి ఉత్తరం అనగానే రైలు కావాలంటారని మీరు కవరు విప్పకుండానే పక్కన పెట్టే ప్రమాదం ఉంది. నేను రైలు అడగడం లేదు. పట్టా అడుగుతున్నాను. అదీ ఒక్క అడుగు.

రైలు సంగతి మాకు ఎప్పుడో అర్థమైంది. వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు 1874లో నడిచింది. శంకర్‌పల్లి, లింగంపల్లి మీదుగా మా పొరుగునుంచే పోయింది. లింగంపల్లి నుంచి సంగారెడ్డి సుమారు 35 కిలోమీటర్లు. నూటయాభై ఏళ్లయినా ఆ దూరం తరగలేదు. మా జిల్లాలో జహీరాబాదుకు స్టేషనుంది, జిల్లా కేంద్రానికి లేదు. మెదక్ వాళ్లు అక్కన్నపేట వైపు నుంచి 2022లో రైలు తెచ్చుకున్నారు. పక్కనున్న కొండకల్‌లో 2023 నుంచి రైలు పెట్టెల ఫ్యాక్టరీ కూడా ఉంది. పటాన్‌చెరు, సంగారెడ్డి, జోగిపేట మీదుగా మెదక్ లైను ముచ్చట మాత్రం ఓట్లప్పుడు వింటాం, ఓట్లయ్యాక మరచిపోతాం. కాబట్టి ఆ విషయం వదిలేద్దాం.

పట్టా ఎందుకంటారా? లంగరుకు.

ఇప్పుడు మా పుట్టికి లంగరు అంటే తాడుకు కట్టిన రాయి. రాయితో తంటా ఏమిటంటే నీళ్లలో పడగానే బరువు తగ్గిపోతుంది. 18 కిలోల నల్లరాయి నీళ్లలో 11 కిలోలంత మాత్రమే. అంతే బరువున్న ఇనుము అయితే 16 కిలోల దాకా నిలుస్తుంది. మీరు మెయిన్ లైన్లలో వేసే 60 కిలోల పట్టా మీటరుకు 60 కిలోలు తూగుతుంది గనుక, అడుగు ముక్క సరిగ్గా ఆ 18 కిలోల లెక్కలోకి వస్తుంది. 52 కిలోల రకమైతే 16. పుట్టికి అందులో సగం చాలు గానీ, గాలి రోజులనూ లెక్కేసి అడుగు అంటున్నాను.

కొక్కేల లంగరు కొనుక్కోవచ్చుగా అని మీ ఇంజినీర్లు అడుగుతారు. సింగూరు ప్రాజెక్టు కింద ఊళ్లు మునిగాయి. అడుగున చెట్ల మొద్దులు, గోడల పునాదులు ఉన్నాయి. కొక్కెం వాటికి తగులుకుందంటే తాడు కోసుకుని ఇంటికి రావడమే. పట్టా ముక్కకు కొక్కేలుండవు, బరువొక్కటే దాని బలం. అందుకే తాడు లోతుకు ఐదారింతలు వదలాలి, లాగుడు అడ్డంగా పడాలి. లాగితే మళ్లీ చేతికి వచ్చేస్తుంది. పెద్ద మోటారు బోటును ఇది ఆపలేదు. ఆ బోట్లవాళ్లు ఈ ఉత్తరం చదివి నా మీద పడొద్దు.

ఇంకో సుఖముంది, కొండీ అతికించే పని ఉండదు. పట్టా ఉక్కులో కర్బనం ఎక్కువ. దానికి కొండీ వెల్డింగ్ చేస్తే, ముందుగా వేడి చేయకపోతే, చల్లారేటప్పుడు అతుకు పక్కనే పగులుతుంది. పటాన్‌చెరులో ఏ వెల్డరునడిగినా చెబుతాడు. కానీ పట్టా చివర్లో బోల్టుల కోసం మీరే బెజ్జాలు వేసి పెట్టారు. ఆ చివరి ముక్కయితే తాడు నేరుగా దూర్చి కట్టుకోవచ్చు. మూలలు పదునుగా ఉంటాయి కాబట్టి పాత ట్యూబు చుట్టాలి, లేదంటే పుట్టి తార్పాలిన్ చిరిగిపోతుంది.

ఇక అసలు చిక్కు. పట్టా దొరక్క కాదు ఈ ఉత్తరం. పటాన్‌చెరు, బొల్లారం రోడ్ల మీద పాత ఇనుము దుకాణాలకు లోటు లేదు. కాటా మీద వేసి కిలో లెక్కన ఇస్తారు. కానీ 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ఒకటుందని నాకు తెలిసింది. అన్యాయంగా సంపాదించిందన్న సహేతుకమైన అనుమానమున్న రైల్వే సొత్తు మన దగ్గర దొరికితే, అది సక్రమంగా వచ్చిందని మనమే నిరూపించుకోవాలట. లేకపోతే అయిదేళ్ల దాకా జైలు. ప్రత్యేక కారణాలు లేకపోతే మొదటి తప్పుకే కనీసం ఏడాది, కనీసం వెయ్యి రూపాయల జరిమానా. మీ జోను పుట్టిన సంవత్సరమూ 1966 కావడం గమనించాను. మీరిద్దరూ కలిసి పెరిగారు గనుక మీకు ఆ చట్టం మర్యాద తెలిసే ఉంటుంది.

దొంగలకు ఆ చట్టం ఉండాల్సిందే. పట్టా ఊడబీకితే రైలు పడిపోతుంది, ప్రాణాలు పోతాయి. నాకు వచ్చిన ఇబ్బంది రసీదుతోనే. మీరు పాత పట్టాలను ఈ-వేలంలో టన్నుల లెక్కన అమ్ముతారు. కొన్న పెద్ద వ్యాపారికి కాగితముంటుంది. ఆ పట్టాలో కొంత రోలింగ్ మిల్లులో తల, నడుము, పాదం వేరుగా చీలి కడ్డీలైపోతుంది, కొంత ముక్కలై దుకాణాలకు చేరుతుంది. కాగితం మొదటి వ్యాపారి దగ్గరే ఆగిపోతుంది. ఇనుము మాత్రం నా దాకా వస్తుంది. సింగూరు నడుమ ఒక ఆర్పీఎఫ్ జవాను వచ్చి తాడు లాగి చూస్తాడని కాదు నా భయం. కానీ అడిగితే చూపించడానికి ఒక కాగితం ఉండాలి కదా.

ఈ ప్రాంతంలో కాగితాల తీరు విచిత్రం. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరకు ఎలా చేరాయో తేల్చమని 1990లో సుప్రీంకోర్టు గడప తొక్కారు. ఏళ్ల తరబడి ఆ నీళ్లలో ఏమేమి పోశారో ఎవరూ రసీదు రాసివ్వలేదు. నా అడుగు ఇనుముకు రసీదు కావాలి. రసీదు వద్దనను, ఇమ్మంటున్నాను.

మీరే పాత పట్టాలను కంచె స్తంభాలుగా, గేట్ల దగ్గర ఎత్తు కొలిచే కమాన్లుగా పాతుకుంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల పట్టాలతో నిలిపిన పాత కరెంటు స్తంభాలు ఇంకా ఉన్నాయి. ఇన్ని పనులకు పనికొచ్చింది లంగరుకూ పనికొస్తుంది.

కాబట్టి వేడుకోలు ఇది. లింగంపల్లిలో, వీలైతే జహీరాబాదులో, ఏదో ఒక స్టోర్స్ గదిలో పాత పట్టా ముక్కలు అడుగు చొప్పున అమ్మండి. బెజ్జమున్నవైతే మేలు. తుక్కు ధరకు పది రూపాయలు ఎక్కువే ఇస్తాం. ముక్క మీద ఒక గుర్తు కొట్టండి. రసీదు మీద 'లంగరు నిమిత్తం' అని రాసి మీ సీలు వేయండి. మత్స్య సహకార సంఘం సభ్యత్వం కార్డు చూపించిన వాళ్లకే అమ్ముతామన్నా సరే.

ఇట్లు,
సింగూరు ఒడ్డున ఒక పుట్టి యజమాని

ప్రతి: రైల్వే రక్షణ దళం ఇన్‌స్పెక్టరు గారికి, సమాచారం నిమిత్తం. సోదాకు రానక్కర లేదు. ప్రస్తుతం మా పుట్టిలో ఉన్నది రాయే.